ఆన్‌లైన్‌లో వాచీ కొనేటప్పుడు నకిలీని పసిగట్టడం ఎలా?

ఆన్‌లైన్‌లో నకిలీ వాచీ అమ్మేవాడు అసలు వాచీ ఫొటోనే పెడతాడు. కంపెనీ వెబ్‌సైట్ నుంచి తీసుకున్న ఆ ఫొటోను ఎంత పెద్దది చేసి చూసినా లోపం కనిపించదు. తేడా అంతా తర్వాత ఇంటికి వచ్చే పార్సిల్‌లో ఉంటుంది. అందుకే లోగో ఇలా ఉండాలి, అంకెలు అలా ఉండాలి అని చెప్పే చిట్కాలు ఎన్ని చదివినా కొనే సమయానికి అవి పెద్దగా అక్కరకు రావు. డబ్బు కట్టక ముందు పరీక్షించవలసింది అమ్మేవాణ్ణి. వాచీని పరీక్షించే పని అది చేతికి వచ్చాక మొదలవుతుంది. ఈ రెండు పనులనూ ఈ వరుసలోనే చేసేవారికి చాలా మోసాలు మొదటి మెట్టు దగ్గరే బయటపడతాయి. పాత వాచీల సంగతి మాత్రం వేరు. అక్కడ ఫొటో కూడా చాలా విషయాలు చెబుతుంది కాబట్టి వాటి గురించి విడిగా, కొంచెం వివరంగా చెప్పుకుందాం.

మన మార్కెట్లో తిరిగే నకిలీలన్నీ ఒక తీరువి కావు. నకిలీ అని ముందే చెప్పి అమ్మేవి ఒక రకం: ‘ఫస్ట్ కాపీ’, ‘సెవెన్ ఏ క్వాలిటీ’, ‘మాస్టర్ కాపీ’ అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో రోలెక్స్, ఒమెగా పేర్లతో కొద్ది వేల రూపాయలకు దొరికే సరుకు అది. వీటిని కొనేవారు తెలిసే కొంటారు. అయితే వీటిని అమ్మడం 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం 6 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడగల నేరం. వాటికి బిల్లు ఉండదు, వారంటీ ఉండదు, వారానికే ఆగిపోతే అడగడానికి మనిషీ ఉండడు. రెండవ రకం, ఒరిజినల్ అని నమ్మబలికి అంటగట్టేవి. వీటి బెడద లక్షల ఖరీదు చేసే వాచీలకే పరిమితం అనుకోవడం పొరపాటు. వెయ్యి, పదిహేను వందల స్థాయిలో దొరికే క్యాసియో డిజిటల్ వాచీకి కూడా నకిలీలు ఉన్నాయి. లక్ష పెట్టేవాడు పదిసార్లు ఆలోచిస్తాడు, వెయ్యి పెట్టేవాడు అంతగా ఆలోచించడు; నకిలీ చేసేవాడికి ఈ మనస్తత్వం బాగా తెలుసు. మూడవ రకం, పాత హెచ్‌ఎంటీ, సీకో వాచీలకు కొత్త రంగులు పూసి, దొరికిన భాగాలన్నీ కలిపి బిగించి, ‘వాడని పాత స్టాకు’ అని అమ్మేవి.

మోడల్ నంబరుతో మొదలుపెట్టండి

ఏ వాచీ కొనాలనుకున్నా ముందుగా ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌కు వెళ్ళి, నచ్చిన వాచీ పూర్తి మోడల్ నంబరును ఒక్క అక్షరం కూడా వదలకుండా రాసుకోండి. మోడల్ నంబరు చివరి అక్షరాలు చాలాసార్లు డయల్ రంగునో, పట్టీ రకాన్నో తెలుపుతాయి. నకిలీలు తయారు చేసేవారు ఒక మోడల్ నంబరు కింద కంపెనీ ఎన్నడూ చేయని రంగులు కూడా అమ్ముతుంటారు కాబట్టి, కంపెనీ జాబితాలో లేని రంగు ఎక్కడైనా కనబడితే అక్కడితో ఆ వెతుకులాట ముగించవచ్చు. అమ్మేవాడు మోడల్ నంబరే రాయకుండా ‘జెంట్స్ ప్రీమియం వాచ్, క్రోనోగ్రాఫ్ లుక్’ అని రాస్తే ఆ వాచీ గురించి ఇంకేమీ చదవనక్కర లేదు. ‘లుక్’, ‘టైప్’, ‘స్టైల్’ వంటి మాటలు పక్కన చేరాయంటే అసలుది కాదని ఆ మాటలే ఒప్పుకుంటున్నాయి.

అదే వెబ్‌సైట్‌లో ధర కూడా చూడండి. పండగ రోజుల్లో పెద్ద కంపెనీలు తగ్గింపులు ఇవ్వడం నిజమే, పాత మోడళ్ళను సగం ధరకు వదిలించుకోవడమూ ఉన్నదే. కానీ కంపెనీ షోరూములో పూర్తి ధరకు అమ్ముడవుతున్న కొత్త మోడల్‌ను ఎక్కడో ఊరూ పేరూ తెలియని వ్యాపారి 80 శాతం తగ్గించి ఇవ్వగలగడానికి కారణం ఒక్కటే ఉంటుంది. ‘కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్న సరుకు’, ‘షోరూము మూసేస్తున్నాం’, ‘ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్’ వంటి కథలన్నీ ఈ ఒక్క కారణాన్ని కప్పిపుచ్చడానికే పుడతాయి. కొట్టివేసిన ధర పక్కన పెట్టిన తగ్గింపు ధరను పోల్చి సంతోషపడడం కూడా మానుకోవాలి. కొట్టివేసిన ఆ ధరను రాసింది కూడా అమ్మేవాడే. పోల్చవలసింది కంపెనీ చెప్పిన ధరతో.

కొన్ని కంపెనీల విషయంలో ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. రోలెక్స్ తన కొత్త వాచీలను ఆన్‌లైన్‌లో అమ్మదు, తాను గుర్తించిన దుకాణాల్లోనే అమ్మిస్తుంది. కాబట్టి కార్టులో వేసుకుని డబ్బు కట్టగల ‘కొత్త రోలెక్స్’ ఎక్కడ కనిపించినా, ఆ వెబ్‌సైట్ ఎంత అందంగా ఉన్నా, అది కంపెనీ ద్వారా వచ్చిన అమ్మకం కాదు.

అమ్మేది ఎవరు?

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి వేదికల మీద కొంటున్నామంటే ఆ కంపెనీల దగ్గరే కొంటున్నామని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి సంత వంటివి, అంగడి వేరొకరిది. ధర కింద చిన్న అక్షరాల్లో ‘సోల్డ్ బై’ అని కనిపించే పేరే మీకు వాచీ అమ్ముతున్నవారి పేరు. ఒకే వాచీ పేజీ మీద నలుగురైదుగురు అమ్మకందారులు ఉండవచ్చు. తక్కువ ధర పెట్టినవాడి వైపు ‘బై నౌ’ బటన్ మనల్ని నెట్టవచ్చు కూడా. కాబట్టి ఆ పేరు మీద నొక్కి లోపలికి వెళ్ళండి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం అమ్మకందారు వ్యాపార నామం, చిరునామా, వినియోగదారులు సంప్రదించే నంబరు, రేటింగ్ వంటి వివరాలను ఇటువంటి వేదికలు చూపించాలి. ఆ చిరునామా అసంపూర్తిగా ఉన్నా, అదే అమ్మకందారు పేజీలో వాచీలతో పాటు వంటింటి గిన్నెలు, ఫోను కవర్లు, పిల్లల బొమ్మలు కలగలిపి ఉన్నా, కంపెనీ గుర్తింపు పొందిన వాచీ వ్యాపారి అతడు అయ్యే అవకాశం చాలా తక్కువ.

అక్కడ జీఎస్టీ నంబరు దొరికితే మరో అడుగు వేయవచ్చు. ఆ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29, మహారాష్ట్రకు 27, ఢిల్లీకి 07. హైదరాబాద్ చిరునామా చూపిస్తూ 07తో మొదలయ్యే నంబరు ఇచ్చినవాణ్ణి కనీసం ఒక ప్రశ్న అడగవలసిందే. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరును వెతికితే, వ్యాపారి అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది ఇంకా అమల్లో ఉందా రద్దయిందా అన్న సంగతి కనిపిస్తాయి. వ్యాపారి ప్రకటించిన వస్తువుల వివరాలు ఉంటే వాటిని కూడా చూడండి. వస్తువు రకాన్ని తెలిపే కోడ్‌లలో గడియారాలవి 91తో మొదలవుతాయి. వాచీకి ఇచ్చిన బిల్లు మీద కోడ్ వేసి ఉంటే అది కూడా 91తోనే మొదలవ్వాలి. బిల్లులో ‘ఫ్యాన్సీ ఐటమ్’ అని రాసి, కోడ్ వేరొకటి వేసి ఉంటే, రేపు ఏదైనా వివాదం వస్తే తాను వాచీయే అమ్మలేదని చెప్పుకునే దారిని వ్యాపారి ముందుగానే తెరిచి పెట్టుకున్నాడని అర్థం.

రేటింగ్‌లను చూసే పద్ధతి కూడా ఒకటి ఉంది. ఐదు నక్షత్రాల పొగడ్తలను వదిలేసి, ఒక నక్షత్రం ఇచ్చినవారు పెట్టిన ఫొటోలను తెరవండి. ‘డబ్బా లేదు’, ‘వారంటీ కార్డు మీద ముద్ర లేదు’, ‘సర్వీస్ సెంటర్‌లో ఒరిజినల్ కాదన్నారు’ అనే మాటలు ఇద్దరు ముగ్గురు వేర్వేరు తేదీల్లో రాసి ఉంటే మిగిలిన వేయి పొగడ్తలకు విలువ లేదు. కొన్నిసార్లు వాచీ పేజీలో ‘కవర్ చాలా గట్టిగా ఉంది, చార్జింగ్ బాగుంది’ వంటి అభిప్రాయాలు కనిపిస్తాయి; వేరే వస్తువుకు పోగైన మంచి పేరును ఈ వాచీకి తగిలించారన్నమాట. వాచీకి వచ్చిన రేటింగ్ వేరు, అమ్మకందారుకు వచ్చిన రేటింగ్ వేరు అన్నది కూడా మరవకూడదు. అసలు వాచీ మంచిదే కావడం వల్ల దాని పేజీకి మంచి పేరు వస్తుంది, అదే పేజీలోకి నిన్న చేరిన అమ్మకందారు ఆ పేరు నీడన బతుకుతాడు.

అన్నిటికంటే సులువైన దారి ఏమిటంటే, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండే అధికారిక దుకాణాల జాబితాను తెరిచి, మీరు కొనబోయే అమ్మకందారు పేరు అందులో ఉందో లేదో చూడడం. టైటాన్ వంటి కంపెనీలకు సొంత ఆన్‌లైన్ దుకాణాలు ఉన్నాయి. విదేశీ బ్రాండ్ల కోసం ఎథోస్, హీలియోస్ వంటి పేరున్న సంస్థల వెబ్‌సైట్లు ఉన్నాయి. ధర నాలుగైదు వందలు ఎక్కువైనా పెళ్ళిలో అల్లుడికి పెట్టే వాచీ వంటిది ఇటువంటి చోటే కొనడం నా దృష్టిలో తెలివైన పని. పది మందిలో ఇచ్చిన వాచీ డూప్లికేట్ అని తేలితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

బ్రాండ్ పేరుతోనే వెలిసే దొంగ వెబ్‌సైట్ల గురించి ఒక మాట. సోషల్ మీడియాలో కనిపించే ప్రకటన మీద నొక్కి నేరుగా కొనవద్దు. కంపెనీ పేరుకు ‘సేల్’, ‘ఔట్‌లెట్’, ‘ఇండియా ఆఫర్’ వంటి తోకలు తగిలించిన చిరునామాలు చాలావరకు కొద్ది వారాల క్రితం పుట్టినవి. వెబ్‌సైట్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో ఉచితంగా చూపించే ‘హూఈజ్’ సేవలు ఉన్నాయి. ‘పాతికేళ్ళ నమ్మకం’ అని రాసుకున్న దుకాణం వెబ్‌సైట్ గత నెలలో పుట్టిందని తెలియడానికి నిమిషం పట్టదు. చిరునామా లేకపోవడం, వాట్సాప్ నంబరు తప్ప వేరే ఫోను లేకపోవడం, కార్డు తీసుకోకుండా ఒక వ్యక్తి పేరు మీద ఉన్న యూపీఐకి మాత్రమే డబ్బు పంపమనడం, ఇవన్నీ ఒకే చోట కనిపిస్తే అక్కడ అసలు వాచీయే ఉండకపోవచ్చు.

డబ్బు కట్టడం, పార్సిల్ విప్పడం

క్రెడిట్ కార్డుతో కడితే వివాదం వచ్చినప్పుడు బ్యాంకు ద్వారా ఆ చెల్లింపును ప్రశ్నించే అవకాశం ఉంటుంది. యూపీఐలో మీరే స్వయంగా ఆమోదించి పంపిన డబ్బును వెనక్కి రాబట్టడం అంతకంటే కష్టం. క్యాష్ ఆన్ డెలివరీ మీద మనవారికి నమ్మకం ఎక్కువ గానీ, డబ్బు ఇచ్చాకే పెట్టె చేతికిస్తారు కాబట్టి దానివల్ల నకిలీ నుంచి రక్షణ ఏమీ లేదు. డెలివరీ మనిషి ఎదుటే పెట్టె విప్పి చూసుకునే ఓపెన్ బాక్స్ సదుపాయం ఉంటే మాత్రం దానినే ఎంచుకోండి. ఆర్డర్ పెట్టే ముందు ఆ వాచీని తిరిగి తీసుకుంటారా, తీసుకుంటే డబ్బు ఇస్తారా లేక మరో వాచీ మాత్రమే ఇస్తారా, ఎన్ని రోజుల గడువు అన్న మూడు సంగతులనూ చదివి, ఆ పేజీకి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అమ్మకం పేజీలోని మాటలు తర్వాత మారిపోవచ్చు.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయడం అందరూ చెప్పేదే. అది పనికొచ్చేలా తీయడం మాత్రం కొందరికే తెలుసు. పెట్టె మీద అంటించిన చిరునామా స్లిప్పును చదవగలిగేంత దగ్గరగా చూపించి, ఆరు వైపులా టేపు చెక్కుచెదరలేదని కనిపించేలా తిప్పి, కెమెరాను ఆపకుండా, పెట్టె తెర దాటి బయటికి పోకుండా విప్పాలి. వాచీ బయటికి వచ్చాక దాని వెనక మూత మీది నంబర్లు, టాగ్ మీది నంబర్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించాలి. మూత మీది పలుచని ప్లాస్టిక్ పొరను, టాగ్‌ను పరీక్షలన్నీ పూర్తయ్యే దాకా తీయకండి. అవి తీసిన వాచీని ‘వాడారు’ అని తిప్పి పంపవచ్చు.

వాచీ చేతికి వచ్చాక

ముందు పెట్టె మీది లేబుల్ చూడండి. మన దేశంలో అమ్మే ప్యాకు చేసిన సరుకు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుల కోసం సంప్రదించవలసిన వివరాలు ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ (ప్యాకేజ్డ్ కమోడిటీస్) నియమాలు చెబుతున్నాయి. జపాన్ వాచీ అయినా, స్విస్ వాచీ అయినా మన దేశంలో సక్రమంగా అమ్మడానికి వచ్చిందంటే దిగుమతిదారు పేరుతో స్టిక్కర్ ఉంటుంది. నకిలీ పెట్టెలు తయారు చేసేవారు పెట్టె రంగు, లోపలి దిండు, బుక్‌లెట్ అన్నీ అచ్చు దింపుతారు గానీ ఈ స్టిక్కర్ దగ్గర తడబడతారు: స్టిక్కరే ఉండదు, ఉన్నా దాని మీది మోడల్ నంబరు వాచీ మీది నంబరుతో సరిపోదు. టాగ్, వారంటీ కార్డు, బిల్లు, ఈ మూడు చోట్లా ఒకే మోడల్ ఉండాలి; వెనక మూత మీద కూడా మోడల్ నంబరు ఉంటే అదీ సరిపోవాలి. వారంటీ కార్డు మీద అమ్మిన తేదీ, అమ్మకందారు ముద్ర ఉండాలి. కొన్ని కంపెనీలు ఇప్పుడు ఈ-వారంటీ ఇస్తున్నాయి కనుక కంపెనీ వెబ్‌సైట్‌లో నమోదు చేసి చూడండి. నమోదు కాకపోతే ఆ రోజే కస్టమర్ కేర్‌కు ఫోను చేయండి.

తర్వాత వాచీ. వాచీ మెకానిక్‌లు కంటికి తగిలించుకునే పది రెట్ల భూతద్దం కొన్ని వందలకే దొరుకుతుంది. అది లేకపోతే ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసుకున్నా సరిపోతుంది. డయల్ మీది అక్షరాల అంచులు చూడండి. అసలు వాచీలో అక్షరం ఎంత చిన్నదైనా అంచు పదునుగా, సిరా ఒకే మందంలో ఉంటుంది. నకిలీలో అక్షరాల మూలలు గుండ్రంగా ఉబ్బి, పక్కపక్క అక్షరాల మధ్య ఎడం హెచ్చుతగ్గులుగా ఉంటుంది. పన్నెండు దగ్గరి గీత, లోగో, ఆరు దగ్గరి గీత ఒకే నిలువు రేఖ మీద ఉన్నాయా, తేదీ అంకె తన కిటికీ మధ్యలో కూర్చుందా చూడండి. క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) అని అమ్మిన దానిలో చిన్న డయళ్ళు అలంకారానికి అచ్చువేసినవేమో చూడాలి. పక్కనున్న బటన్ నొక్కితే ముల్లు కదలాలి, మళ్ళీ నొక్కితే ఆగాలి, ఆ తర్వాత రెండవ బటన్ నొక్కితే అది సున్నా దగ్గరికి తిరిగి రావాలి. బటన్ లోపలికి పోకపోవడం, పోయినా ఏమీ జరగకపోవడం నకిలీల్లో మామూలు.

క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ 1989లో వచ్చి నేటికీ అమ్ముడవుతున్న వాచీ. దాని కుడి పక్క బటన్‌ను సుమారు మూడు సెకన్లు నొక్కిపట్టి ఉంచితే తెర మీద క్యాసియో పేరు కనిపిస్తుంది. కనిపించకపోతే అది నకిలీ. అయితే ఈ పరీక్ష అందరికీ తెలిసిపోయాక దాన్ని దాటే నకిలీలు కూడా వచ్చాయి కాబట్టి పేరు కనిపించినంత మాత్రాన నమ్మేయకుండా, వెనక మూత మీద చిన్న చట్రంలో 593 అనే మాడ్యూల్ (లోపలి యంత్రం) నంబరు ఉందా, అచ్చు స్పష్టంగా ఉందా అన్నది కూడా చూడండి. ఏ బ్రాండ్‌కైనా ఇదే వర్తిస్తుంది. రోలెక్స్ తేదీ మీది కటకం అంకెను రెండున్నర రెట్లు పెద్దది చేసి చూపుతుందనీ, సెకన్ల ముల్లు సెకనుకు ఎనిమిది చిన్న అడుగులతో దాదాపు జారుతున్నట్టు నడుస్తుందనీ అందరూ చెబుతారు. ఇప్పటి చాలా మోడళ్ళ విషయంలో అవి నిజమే గానీ, మంచి నకిలీలు వాటినీ అనుకరిస్తాయి. ఒక్క పరీక్షలో తప్పితే నకిలీ అని తేల్చవచ్చు, అన్నిటిలో నెగ్గినా అసలుదని తేల్చలేము. లక్ష దాటిన వాచీ అయితే మూత విప్పి లోపలి మిషన్ చూడగల కంపెనీ సర్వీస్ సెంటర్ మాటే తుది మాట.

పాత హెచ్‌ఎంటీ, పాత సీకో

హెచ్‌ఎంటీ 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు తయారు చేయడం మొదలుపెట్టింది. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపిన తరువాత జనతా, పైలట్, కోహినూర్, కాంచన్ వంటి పేర్ల మీద మోజు పెరిగింది. తాత చేతికి, తండ్రి చేతికి చూసిన వాచీ తమ దగ్గరా ఉండాలనుకునేవారు ఆన్‌లైన్‌లో వెతకసాగారు. ఆ గిరాకీని తీర్చడానికి పుట్టిన సరుకులో ఎక్కువ భాగం, నా అభిప్రాయంలో, వాచీ పేరిట అతుకుల బొంత. మిషన్ ఒక వాచీది, కేసు ఇంకొకదానిది, ముళ్ళు కొత్తగా కోసినవి, డయల్ మీది పాత అచ్చు గీకేసి కొత్తగా రంగు వేసినది. లోపలి మిషన్ నిజంగా హెచ్‌ఎంటీదే కావచ్చు. అయినా ‘కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టుగా ఉంది’ అని చెప్పి అమ్మితే అది మోసమే.

ఇక్కడ అమ్మేవాడు ఆ ఒక్క వాచీ ఫొటోనే పెట్టక తప్పదు కాబట్టి, ఫొటోతో పని జరుగుతుంది. మొదట రంగు. పాత పైలట్ అంటే నల్ల డయల్. ముదురు నారింజ, చిలకపచ్చ, ఊదా రంగుల్లో అదే పైలట్ వరుసగా కనిపిస్తే అవి తర్వాత పూసిన రంగులని అనుమానించాలి. తర్వాత వయసు. నలభై ఏళ్ళ వాచీలో డయల్ నిన్న చేసినట్టు మెరుస్తూ, వెనక మూత మాత్రం గీతలు పడి అరిగి ఉంటే రెండిటి వయసు ఒకటి కాదు. పాలిష్ పట్టించిన కేసులో పట్టీ బిగించే కొమ్ముల అంచులు పదును పోయి గుండ్రబడతాయి. ఆ తర్వాత అచ్చు: తేదీ కిటికీ అంచుల్లో రంగు గడ్డకట్టి ఉండడం, నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పడడం, రాత్రి వెలిగే చుక్కలు వేర్వేరు పరిమాణాల్లో ఉండడం చేతితో వేసిన పనిని పట్టిస్తాయి. ఒకే అమ్మకందారు దగ్గర ఒకే మోడల్ ‘వాడని పాత స్టాకు’ పదుల సంఖ్యలో ఉంటే అది గోదాములో దొరికిన నిధి కాదు, నడుస్తున్న కార్ఖానా.

అమ్మేవాడి దగ్గర నాలుగు ఫొటోలు అడగండి: డయల్ ఎదురుగా, వెనక మూత, మూత తీసిన మిషన్, పక్క నుంచి కీ ఇచ్చే క్రౌన్. ఆ రోజు మీరు చెప్పిన సమయానికి ముళ్ళు తిప్పి ఫొటో తీయమని అడిగితే ఆ వాచీ నిజంగా అతని చేతిలో ఉందో లేదో తేలిపోతుంది. మిషన్ ఫొటో ఇవ్వడానికి నసిగేవాడి దగ్గర కొనవద్దు. హెచ్‌ఎంటీ లిమిటెడ్ ఇప్పటికీ కొన్ని మోడళ్ళను తన సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్ముతోంది కనుక, జ్ఞాపకం కోసం ఒక హెచ్‌ఎంటీ కావాలనుకునేవారికి అక్కడ స్టాకు వచ్చే దాకా ఆగడం మేలు.

సీకో 5 అనే వాచీల వరుస విషయంలో పని ఇంకా సులువు, ఎందుకంటే ఆ కంపెనీ తన వాచీ మీద గుర్తులు బాగా వదిలింది. వెనక మూత మీద 7009 లేదా 7ఎస్26 వంటి నాలుగు అక్షరాల మిషన్ నంబరు, గీత, ఆ తర్వాత కేసు నంబరు ఉంటాయి. డయల్ అడుగున, ఆరు గంటల గుర్తుకు కింద, కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరాల్లో డయల్ కోడ్ ఉంటుంది. సాధారణంగా అది కూడా అదే మిషన్ నంబరుతో మొదలవుతుంది. రంగు పూసిన డయల్ మీద ఈ చిన్న కోడ్ ఉండదు, లేదా చదవడానికి వీల్లేని మరకలా ఉంటుంది. మూత మీది సీరియల్ నంబరులో మొదటి అంకె తయారైన సంవత్సరపు చివరి అంకె, రెండవది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు అంకెకు బదులు ఓ, ఎన్, డి అక్షరాలు వేసేవారు. దశాబ్దమేదో మిషన్‌ను బట్టి తెలుస్తుంది: 7ఎస్26 వచ్చింది 1996లో, కాబట్టి ఆ నంబరున్న వాచీని ‘1970ల నాటి అరుదైన పీస్’ అని అమ్మేవాడికి తాను అమ్మేదేమిటో తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నాడు. వాచీ చేతికి వచ్చాక క్రౌన్ తిప్పి చూడండి. 7009 గానీ 7ఎస్26 గానీ చేతితో కీ ఇచ్చే మిషన్లు కావు, క్రౌన్ లాగినా సెకన్ల ముల్లు ఆగదు. కీ పడుతున్నట్టు తెలిసినా, ముల్లు ఆగినా లోపల వేరే మిషన్ ఉంది. డయల్ మీద రాసిన జువెల్స్ (మిషన్‌లో అరుగుదల తగ్గించే చిన్న రాళ్ళు) సంఖ్య మిషన్ మీద రాసిన సంఖ్యతో సరిపోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

సీకో సాంకేతిక సహకారంతో 1980లలో హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ తయారు చేసిన వాచీలకు కూడా ఈ మధ్య ఆన్‌లైన్‌లో ధర పలుకుతోంది. వాటికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న బంధువుల చేత కొనిపించేవారు బిల్లు, వారంటీ కార్డు వాచీతోపాటే తెమ్మని చెప్పాలి. ఆ వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కంపెనీని ముందే అడగాలి. విదేశీ వెబ్‌సైట్ల నుంచి నేరుగా తెప్పించుకుంటే, నకిలీ అని అనుమానం వచ్చిన సరుకును మేధో సంపత్తి హక్కులకు సంబంధించిన 2007 నాటి దిగుమతి నియమాల కింద కస్టమ్స్ అధికారులు ఆపవచ్చు. అప్పుడు వాచీ రాదు, డబ్బు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది.

నకిలీ అని తేలితే

రిటర్న్ గడువు ముగియక ముందే వేదికలోనే ఫిర్యాదు నమోదు చేయండి. కారణం అడిగినప్పుడు ‘నచ్చలేదు’, ‘సైజు సరిపోలేదు’ వంటివి సులువుగా ఉన్నాయని ఎంచుకోవద్దు. ‘నకిలీ వస్తువు’ అనే రాయాలి, ఎందుకంటే తర్వాతి మెట్లన్నీ ఆ మాట మీదే నిలబడతాయి. నకిలీ సరుకును తిరిగి తీసుకోనని అమ్మకందారు అనడానికి ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. వేదిక నియమించిన ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అక్కడ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. దొంగ వెబ్‌సైట్ డబ్బు తీసుకుని ఏమీ పంపకపోతే అది సైబర్ నేరం. వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆ డబ్బు మరో ఖాతాలోకి మారిపోకముందే ఆపగలిగే అవకాశం గంటల్లోనే ఉంటుంది కాబట్టి, ‘రేపు చూద్దాం’ అనుకోవడానికి వీల్లేదు.

చివరి దారి జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న చోటుతో పని లేకుండా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. రెండు సంవత్సరాల లోపు వేయాలి, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. అక్కడికి వెళ్ళే ముందు వాచీని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళి, అది తమ ఉత్పత్తి కాదని జాబ్ షీట్ మీద రాసి ఇవ్వమని అడగండి. ఆ కాగితం, బిల్లు, పార్సిల్ విప్పిన వీడియో, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్లు, ఫిర్యాదుల అధికారితో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఫిర్యాదుకు జత చేయాలి. వాచీని పెట్టెతో సహా కేసు తేలే దాకా ఇంట్లోనే ఉంచాలి, రిపేరుకు గానీ సెల్ మార్పించడానికి గానీ ఎవరి చేతికీ ఇవ్వకూడదు.